లెక్కలో ఉన్నాం, కథలో లేం

దీపావళికి మా ఉస్మాన్‌గంజ్ హోల్‌సేల్ దుకాణాల్లో కొత్త ఖాతా పుస్తకం తెరుస్తారు. ఎర్ర అట్ట, పసుపు కుంకుమ, మొదటి పేజీలో దేవుడి పేరు. పూజ అయిపోయాక చేసే పని ఏంటో తెలుసా? పాత పుస్తకంలోని బాకీలన్నీ కొత్త పుస్తకంలోకి ఎక్కించడం. ఫలానా కిరాణా కొట్టు, నిరుటి బాకీ ఇంత అని. ఇప్పుడు చాలామంది కంప్యూటర్ బిల్లింగ్‌కి మారిపోయారు గానీ సూత్రం అదే. పాత బాకీ ఎక్కించని పుస్తకంతో వ్యాపారం నడవదు.

మన దేశం కూడా 1881 నుంచి 2011 దాకా పదేళ్లకోసారి ఒక పెద్ద పుస్తకం తెరిచింది. దాని పేరు జనాభా లెక్కలు. తేడా ఏంటంటే, ఈ పుస్తకంలో పాత బాకీ ఉండదు. ప్రతిసారీ అందర్నీ కొత్తగా లెక్కపెడతారు. 2001లో మూడో క్లాసు చదువుతున్న పిల్ల 2011 నాటికి ఇంటర్ పూర్తి చేసిందా, పెళ్లి చేసుకుని వెళ్లిపోయిందా, బట్టల షాపులో పనికి కుదిరిందా? పుస్తకానికి తెలీదు. ఆ పిల్ల రెండుసార్లూ లెక్కలో ఉంది. ఆ రెండు వరుసలూ ఒకే మనిషివని చెప్పే దారమే లేదు.

మా ఉద్యోగాల్లో ఆ దారాన్ని 'జాయిన్' అంటాం. రెండు టేబుళ్లను ఒక ఐడీ పట్టుకుని కలపడం. కోడ్ రాసే ఎవరినైనా అడగండి, రోజుకి పదిసార్లు చేసే పని. మన జనాభా లెక్కల మీద మాత్రం ఆ పని జరగలేదు. 2027 జనగణన పూర్తిగా డిజిటల్ అంటున్నారు కాబట్టి, దీని గురించి మాట్లాడుకోవడానికి ఇదే టైమ్.

నాకు దీనిమీద ఇంత పట్టింపు ఎందుకో కూడా చెప్పేస్తా. మా నాన్న ఇక్కడే ఒక దుకాణంలో గుమస్తా. నేను ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డా. బంధువుల్లో ఎవరు కలిసినా "చదువు వల్ల బాగుపడ్డారు" అంటారు. నిజమే అనుకుందాం. నాతోపాటు పెరిగిన హమాలీల పిల్లల్లో ఎందరు బాగుపడ్డారు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన ఆ స్కీమ్ ఎన్ని ఇళ్లను మార్చింది, ఎంతమందిని డిగ్రీ చేతిలో పెట్టి మళ్లీ మూటల దగ్గరికే పంపింది? ఒకాయన తన మేనల్లుడి కథ చెప్తాడు, ఇంకొకాయన పక్కింటబ్బాయి కథ చెప్తాడు. హమాలీ కొడుకు హమాలీయే అవుతున్నాడా అన్న ఈ చిన్న ప్రశ్నకు, కోట్లమందిని లెక్కపెట్టే పుస్తకం దగ్గర జవాబు లేదు.

వరద వచ్చినా పెరిగిన అంకె

మొత్తం అంకె ఎంత దాచేస్తుందో చూడాలంటే మన సిటీ చరిత్రే చాలు. 1901 లెక్కల్లో హైదరాబాద్ నగర జనాభా సుమారు 4.48 లక్షలు. 1911లో సుమారు 5 లక్షలు. ఈ రెండు అంకెలు మాత్రమే చూసినవాడు ఏమనుకుంటాడు? పదేళ్లు ప్రశాంతంగా గడిచాయి, ఊరు కాస్త పెరిగింది అనుకుంటాడు.

ఆ రెండు అంకెల మధ్యలో 1908 సెప్టెంబర్ 28 ఉంది. మూసీ వరద. మా గంజ్‌కి దగ్గర్లోనే, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి ఎంతోమంది ప్రాణాలు కాపాడుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నది ఒడ్డున బస్తీలకు బస్తీలే కొట్టుకుపోయాయి. అయినా అంకె పెరిగింది. పోయినవాళ్ల జాగాలో ఎక్కడెక్కడి నుంచో కొత్తవాళ్లు వచ్చారు, పిల్లలు పుట్టారు, కూడిక సరిపోయింది. నగరంలో జరిగిన అతి పెద్ద విషాదం పట్టికలో కనిపించకుండా పోయింది.

ఆ తర్వాతి పదేళ్లలో కథ తిరగబడింది. 1921 నాటికి నగర జనాభా సుమారు 4 లక్షలకు పడిపోయింది. హైదరాబాద్ సంస్థానం మొత్తంలో 1911లో 1,33,74,676 మంది ఉంటే, 1921లో 1,24,71,770 మందే. మధ్యలో ప్లేగు, 1918 ఇన్‌ఫ్లుయెంజా. సరే, నగరంలో తగ్గిన ఆ లక్షమందిలో చనిపోయినవాళ్లెందరు, ప్లేగు భయానికి ఊళ్లకు వెళ్లిపోయినవాళ్లెందరు? ఏ పని చేసేవాళ్లు ఎక్కువ పోయారు? తల్లిదండ్రులు పోయిన పిల్లలు 1931 నాటికి ఏమయ్యారు? ఆనాటి నివేదికల్లో వయసు, మతం, కులం, వృత్తి అన్నిటికీ పట్టికలున్నాయి. ఈ ప్రశ్నలకు మాత్రం జవాబు లేదు.

దానికి కారణం లెక్కబెట్టే పద్ధతిలోనే ఉంది. 1901 నుంచి మన దగ్గర చీటీల పద్ధతి వచ్చింది. ఇంటి వివరాలు రాసిన కాగితం నుంచి ఒక్కో మనిషినీ ఒక్కో చీటీ మీదకు ఎక్కించి, ఆ చీటీలను గూళ్ల పెట్టెల్లో వేసి లెక్కబెట్టేవాళ్లు. ఈ గూట్లో ఇన్ని, ఆ గూట్లో ఇన్ని. కంప్యూటర్ లేని కాలానికి అద్భుతమైన ఐడియా, కాదనను. కానీ చీటీ అయిన క్షణమే మనిషి తన ఇంటి నుంచి విడిపోతాడు. లెక్క పూర్తయ్యాక మనకు మిగిలింది పట్టికలే.

నాలుగు పుట్టినరోజుల ఉపాయం

ఇంగ్లండ్, వేల్స్‌లో దీనికి ఒక తెలివైన దారి కనిపెట్టారు. 1971 జనాభా లెక్కల్లో, ఏడాదిలోని నాలుగు తేదీల్లో పుట్టినవాళ్లను పక్కకు తీశారు. ఆ నాలుగు తేదీలు ఏవో బయటికి చెప్పరు, అది రహస్యం. 365లో 4 అంటే జనాభాలో ఒక శాతం పైచిలుకు. 1981లో మళ్లీ అవే తేదీల వాళ్లను వెతికి పాత రికార్డుతో కలిపారు. అలా 2021 దాకా ఆరు జనాభా లెక్కలు కలిశాయి. ఒక్కో లెక్కలో 5 లక్షల మందికి పైనే. మధ్యలో ఎవరైనా చనిపోతే ఆ నమోదూ, పిల్లలు పుడితే ఆ నమోదూ వచ్చి చేరతాయి. పరిశోధకుల చేతికి పేర్లు, అడ్రస్‌లు వెళ్లవు. వాళ్లు పని చేసేది గట్టి కాపలా ఉన్న కంప్యూటర్ల మీద, బయటికొచ్చేది పట్టికలే.

దీనివల్ల ఏం తెలిసిందంటారా? ఒకటి చెప్తా. 1971లో "పని వెతుక్కుంటున్నా" అని రాసిన మగవాళ్లలో, తర్వాతి పదేళ్లలో మరణాలు మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయని 1984లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. వాళ్ల భార్యల్లో కూడా. నిరుద్యోగం జీతాన్నే కాదు, ఆయుష్షునూ తింటుందేమోనన్న మాటకు ఒక ఆధారం దొరికింది. లేఆఫ్ మెయిల్ కోసం భయపడే మన తరానికి ఇది వట్టి గణాంకంలా అనిపించదు. 1971 పుస్తకాన్ని విడిగా, మరణాల రిజిస్టర్‌ని విడిగా ఎంతసేపు తిరగేసినా ఈ మాట దొరకదు. రెండూ కలిస్తేనే దొరుకుతుంది.

అమెరికాలో ఇంకో దారి. అక్కడ ఇంటింటి జనాభా కాగితాలను 72 ఏళ్ల తర్వాత జనం ముందు పెడతారు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న బయటికొచ్చాయి. రాన్ అబ్రమిట్స్‌కీ, లియా బూస్టన్ లాంటి ఆర్థికవేత్తలు ఆ పాత కాగితాల్లో తండ్రుల్ని, కొడుకుల్ని లక్షల్లో కలిపి చూశారు. పేద వలస కుటుంబాల పిల్లలు, అంతే పేదరికంలో ఉన్న స్థానికుల పిల్లల కంటే పైకి ఎక్కారని తేల్చారు. మా గల్లీ ప్రశ్న ఏదైతే ఉందో, సరిగ్గా అదే ప్రశ్న. వాళ్ల దగ్గర కాగితాలున్నాయి కాబట్టి జవాబు వచ్చింది.

మన దగ్గరా జరిగింది, చిన్నగా

"ఇదంతా తెల్లోళ్ల దేశాల్లో అవుతది, మన దగ్గర ఎక్కడైతది" అని అనేయకండి. మన చుట్టుపక్కలే జరిగింది.

1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ పరిసరాల్లోని 29 గ్రామాల్లో ఒక పోషకాహార అధ్యయనం నడిచింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద అదనపు ఆహారం అందింది. మిగతా ఊళ్లకు అప్పటికి ఆ పథకం రాలేదు. 2003–05లో పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లి ఆ పిల్లల్ని వెతికారు. 13 నుంచి 18 ఏళ్ల వయసులో 1,165 మంది దొరికారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో ఆ ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. వాళ్ల రక్తనాళాలు కూడా కాస్త మెరుగ్గా ఉన్నాయి. అంగన్‌వాడీ గిన్నెలో పెట్టిన తిండి పదిహేనేళ్ల తర్వాత రక్తనాళాల్లో కనిపించిందన్నమాట.

పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు 1975 నుంచి పాలమూరు జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు లాంటి ఊళ్లలో ఇల్లిల్లూ పట్టుకుని ఏళ్ల తరబడి లెక్కలు రాశారు. కరువొచ్చినప్పుడు రైతు ఇల్లు ఎలా నెట్టుకొస్తుందో ప్రపంచ ఆర్థికవేత్తలు ఆ ఊళ్ల నుంచే నేర్చుకున్నారు. 2002లో మొదలైన 'యంగ్ లైవ్స్' అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల్ని ఎంచుకుని, వాళ్లు పెరిగి పెద్దయ్యేదాకా మళ్లీ మళ్లీ కలుస్తూనే ఉంది. వాళ్లలో వయసులో పెద్దవాళ్ల గుంపు 1994–95లో పుట్టినవాళ్లు. నాకంటే కాస్త పెద్దవాళ్లు, అంతే. ఇల్లు మారినా, ఊరు మారినా వెతికి పట్టుకున్నారు.

అంటే మనకు చేతకాని పనేం కాదు. అయితే మూడు వేల మందితో తెలిసేవి కొన్ని. ఒక గంజ్, ఒక కులం, ఒక వృత్తి, ఒక తరం గురించి విడిగా తెలియాలంటే లక్షల్లో మనుషులు కావాలి. అంత పెద్దది జనాభా లెక్కలు తప్ప ఇంకోటి లేదు.

లచ్చమ్మ ఎవరు?

ఇప్పుడు మా ఇంజినీర్ల తలనొప్పి. కలపడానికి ఐడీ లేకపోతే పేరు, వయసు, ఊరు పట్టుకుని కలపాలి. లచ్చమ్మ అనే ఆవిడని ఊహించుకోండి. ఓటర్ లిస్టులో లక్ష్మమ్మ, రేషన్ కార్డులో లచ్చవ్వ, బ్యాంకు పాస్‌బుక్‌లో ఉత్త లక్ష్మి. ముగ్గురూ ఒకరేనా? ఇంగ్లిష్‌లో రాస్తే ఇంకా గందరగోళం. 'శ్రీ' అనే ఒక్క అక్షరాన్ని ఎస్-ఆర్-ఐ అని ఒకరు, ఎస్-ఆర్-ఈ-ఈ అని ఒకరు, మధ్యలో హెచ్ పెట్టి ఇంకొకరు రాస్తారు. మా ఏరియాలో మహ్మద్ అన్న పేరు ఎన్ని రకాలుగా కుదించి రాస్తారో లెక్కే లేదు.

కెనడాకు చెందిన ఫెల్లెగి, సంటర్ అనే ఇద్దరు 1969లో దీనికి గణితం రాసిపెట్టారు. సారాంశం సింపుల్. అరుదైనది కలిస్తే ఎక్కువ మార్కులు, అందరికీ ఉండేది కలిస్తే తక్కువ మార్కులు. రెండు రికార్డుల్లోనూ 'శ్రీనివాస్' ఉంటే పెద్ద విశేషం కాదు. ఎక్కడా వినని ఇంటిపేరు రెండింట్లోనూ కనబడితే అప్పుడు చెవులు నిక్కబొడుచుకోవాలి. మార్కులన్నీ కూడి, గీతకు పైనుంటే ఒకే మనిషి, కిందుంటే వేరు, మధ్యలో ఉంటే మనిషి కళ్లతో చూడాలి. ఈ మూడో ముక్క గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

ఇంగ్లండ్ ఉపాయాన్ని మక్కికి మక్కి దింపేద్దామా అంటే అదీ కుదరదు. మన దగ్గర పుట్టినరోజులు చాలావరకు పంతుళ్లు పెట్టినవి. బడిలో చేర్చిన రోజు జూన్‌లో ఏదో ఒక తేదీ వేసేస్తే, అదే జీవితాంతం పుట్టినరోజు. కచ్చితమైన తేదీ తెలియని పెద్దవాళ్లకు జనవరి 1. ఆ తేదీల్లో ఒకదాన్ని ఎంచుకుంటే నమూనా నిండా తేదీ తెలియనివాళ్లే చేరతారు. మా నాయనమ్మను వయసెంత అని అడిగితే "అరవై రాసుకో" అంటుంది. ఐదేళ్ల కింద కూడా అరవయ్యే.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. పెళ్లయితే ఇల్లు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, ఒక్కోసారి అత్తగారింట్లో పేరే మారిపోతుంది. మా నాయనమ్మ ఇప్పటికీ తాత పేరు నోటితో పలకదు. ఇది మన చట్టానికి కూడా తెలుసు. 1948 జనాభా లెక్కల చట్టం ఎనిమిదో సెక్షన్ చదవండి. ఆచారం ప్రకారం పలకకూడని భర్త పేరును ఆడమనిషి చెప్పాల్సిన పని లేదని రాసి ఉంది. అమెరికా పరిశోధకులు కొడుకుల్ని కలిపినంత సులువుగా కూతుళ్లను కలపలేకపోయింది కూడా ఈ ఇంటిపేరు దగ్గరే. కలపడం కష్టమైనవాళ్లు ఎవరో చూడండి: ఆడవాళ్లు, వలస కూలీలు, చదువు లేనివాళ్లు. ఎవరి కథ మనకు ఎక్కువ తెలియాలో వాళ్లే జారిపోతారు.

అదే జాయిన్, రేషన్ కార్డు మీద

ఇక్కడ ఇంకో వైపు కూడా చెప్పాలి. రికార్డులు కలపడం అనగానే మన ఏరియాలో చాలామందికి పరిశోధన గుర్తుకు రాదు, భయం గుర్తుకొస్తుంది. ఆ భయం ఊరికే రాలేదు.

2014 ఆగస్టు 19న తెలంగాణ మొత్తం ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. దానికి ముందు రోజుల్లో ఊళ్లకు వెళ్లే బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వేర్వేరు శాఖల డేటాబేస్‌లను కలిపి చూసే 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ తెచ్చింది. 2014–2019 మధ్య సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఇంటికొచ్చి చూడకుండా కంప్యూటర్ జల్లెడ పట్టి తీసేశారని కోర్టులో కేసు పడింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమంది. పరిశీలిస్తే వేల కుటుంబాలు నిజంగానే అర్హులని తేలింది. కారే లేని పేదింటిని, పేరు పోలిక వల్ల కారున్న ఇల్లుగా కంప్యూటర్ లెక్కగట్టిన ఉదంతం కూడా వార్తల్లో వచ్చింది.

రెండు చోట్లా గణితం ఒకటే. తప్పు జరిగినప్పుడు అది ఎవరి మీద పడుతుందన్నదే తేడా. పరిశోధనలో వందకు ఐదు లంకెలు తప్పయితే, ఫలితం కాస్త మసకబారుతుంది. జాగ్రత్తపరుడైన పరిశోధకుడు ఆ మసకను కూడా లెక్కగట్టి చెప్తాడు. రేషన్ కార్డు విషయంలో వందకు ఐదు తప్పయితే, ఐదిళ్లలో బియ్యం డబ్బా ఖాళీ. మధ్యలో పడ్డ మార్కులను మనిషి కళ్లతో చూడాలన్న ఆ మూడో ముక్కను వదిలేస్తే జరిగేది ఇదే.

ఈ భయం వల్ల ఇంకో నష్టం ఉంది. చెప్పింది ఎటు పోతుందో నమ్మకం లేకపోతే జనం నిజం చెప్పరు. ఒకరిని తక్కువ చెప్తారు, ఒకరిని ఎక్కువ చెప్తారు. అప్పుడు కలపడం సంగతి అటుంచి, అసలు లెక్కే చెడుతుంది.

2027లో అడగాల్సింది

ఇళ్ల జాబితా దశకు 2026 ఏప్రిల్–సెప్టెంబర్ మధ్య కాలాన్ని, మనుషుల లెక్కకు 2027 ఫిబ్రవరిని పెట్టారు. లెక్కకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. కాగితం బదులు యాప్. కులం కూడా అడుగుతారు. ఇళ్ల జాబితా ప్రశ్నల్లో మొబైల్ నంబర్ కూడా ఉంది, జనగణన సమాచారం కోసం మాత్రమే అని చెప్పి. మా కళ్లతో చూస్తే మొబైల్ నంబర్ అంటే తయారుగా ఉన్న ఐడీ. దాంతో దేన్నైనా దేనితోనైనా కలపొచ్చు. అందుకే "కలపకండి" అనో, "అన్నీ కలిపేయండి" అనో ఒక్క ముక్కలో తేల్చే విషయం కాదిది.

1948 చట్టం పదిహేనో సెక్షన్ ప్రకారం జనాభా లెక్కల రికార్డును చూసే హక్కు ఎవరికీ లేదు, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరాదు. ఈ గోడ ఉండాల్సిందే. ఆ గోడ లోపలే, జనాభా లెక్కల శాఖ చేతుల్లోనే, ఒక చిన్న నమూనాను ఒక లెక్క నుంచి ఇంకో లెక్కకు కలపమని నేను అడుగుతున్నా. ఒక శాతం చాలు. పేర్లు, నంబర్లు తీసేయాలి. బయటికి పట్టికలే రావాలి. డేటా ఒకే దిక్కున పోవాలి, మనిషి నుంచి పరిశోధన వైపు. పరిశోధన నుంచి తిరిగి ఫలానా ఇంటి మీదకు, ఫలానా కార్డు మీదకు ఎప్పుడూ రాకూడదు. ఇది అధికారి ఇచ్చే హామీలా కాకుండా చట్టంలో అక్షరంగా ఉండాలి. ఆడవాళ్లకు, వలస కూలీలకు ఎన్ని లంకెలు కుదరలేదో ప్రతి నివేదికలోనూ చెప్పాలి.

మనం చేయగలిగింది కూడా ఉంది. ఎన్యూమరేటర్ తలుపు తట్టినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల వయసు అంచనాగా కాకుండా కాస్త కూర్చుని లెక్కేసి చెప్పండి. మూసీ వరదలాంటి గుర్తులు మన ఇళ్లలోనూ ఉంటాయి, ఫలానా ఎన్నికలప్పుడు పెళ్లయింది, ఫలానా తుఫానప్పుడు పెద్దోడు పుట్టాడు అని. అమ్మ పేరు, నాయనమ్మ పేరు పూర్తిగా రాయించండి. ఊరికి పోయిన తమ్ముణ్ని, హాస్టల్లో ఉన్న చెల్లెల్ని ఎక్కడ రాయించాలో అడిగి తెలుసుకోండి.

2037లో మళ్లీ ఎవరో ఒకరు లెక్కకు వస్తారు. ఇప్పుడు మా గల్లీలో ట్రాలీ మీద మూటల మధ్య కూర్చుని హోంవర్క్ చేసుకునే పిల్లలకు అప్పటికి ఇరవై ఏళ్లు దాటతాయి. వాళ్లు ఎన్ని లక్షల మంది అన్నది ఎలాగూ తెలుస్తుంది. వాళ్లు ఏమయ్యారన్నది తెలియాలంటే, ఆ ఏర్పాటు ఈసారి లెక్కలోనే చేసి పెట్టుకోవాలి.